నామినీ కాలమ్‌లో ఎవరి పేరుంది?

నీలం రంగు ప్లాస్టిక్ ఫోల్డర్ చంకలో పెట్టుకొని వచ్చిందామె. జిప్పు ఎప్పుడో చెడిపోయినట్టుంది, చుట్టూ రబ్బరు బ్యాండు వేసుంది. రామమూర్తినగర్‌లో మా ఇంటి వరండాలో ఆదివారం పూట నలుగురైదుగురికి ఫారాలు నింపిపెట్టడం నాకు అలవాటు. మదనపల్లె, హిందూపురం, పావగడ వైపుల నుంచి తాతల కాలంలోనో తండ్రుల కాలంలోనో బెంగళూరు చేరినవాళ్ళు వస్తుంటారు. కన్నడ గడగడా మాట్లాడతారు, అదే కాగితం మీద కనిపిస్తే తడబడతారు. ఈమె భర్త అగ్నిమాపక శాఖలో డ్యూటీలో ఉండగా చనిపోయి అప్పటికి ఏడు నెలలు. ఊరూ పేరూ చెప్పను. ఫోల్డర్‌లో మరణ ధ్రువీకరణ పత్రం జిరాక్సులే పద్నాలుగున్నాయి. వాటి అడుగున మడతలు పడిన పాత కాగితం ఒకటి. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో నింపిన నామినేషన్ ఫారం నకలు.

"అన్నా, ఈడ వాళ్ళమ్మ పేరు రాసుండాడు. నా పేరు యాడుంది?"

ఎక్కడా లేదు. ఆ ఫారం నింపేనాటికి ఆయనకు పెళ్ళి కాలేదు. తర్వాత పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, రెండుసార్లు ట్రాన్స్‌ఫర్ అయింది. ఫారం మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అంత్యక్రియల రోజు తుపాకులు పేల్చారు, పూలదండలు వేశారు, పేపర్లో ఫొటో వచ్చింది. ఎక్స్‌గ్రేషియా చెక్కు కూడా అందింది. మిగతా డబ్బు ఏయే ఆఫీసుల్లో ఉందో, దేనికి ఎవరు సంతకం పెట్టాలో ఆమెకు చెప్పినవాళ్ళు లేరు.

ఇలాంటి కుటుంబాలకు ఏదైనా చేయాలని చాలామందికి ఉంటుంది. చేస్తారు కూడా, చెక్కు రాసిస్తారు. నా అనుభవంలో వాళ్ళకు అంతకంటే ఎక్కువగా కావలసింది, ఆ ఫోల్డర్ పట్టుకొని రెండేళ్ళపాటు వెంట తిరిగే మనిషి. చెక్కు దొరుకుతుంది, ఆ మనిషి దొరకడు. ఎందుకు దొరకడో అర్థం కావాలంటే ముందు ఈ డబ్బు ఎలా వస్తుందో, ఎక్కడ చిక్కుకుంటుందో చూడాలి.

అమరుడని ఎక్కడా రాసి లేదు

పోలీసులు, ఫైర్ సిబ్బంది, అంబులెన్స్ వాళ్ళు అందరినీ కలిపి ఇంగ్లీషులో ఫస్ట్ రెస్పాండర్లు అంటారు. మనం ఎవరి పేరు వాళ్ళకే పెట్టాం, ఎవరి చావుకు లెక్క వాళ్ళకే కట్టాం. పోలీసులకు అక్టోబర్ 21. 1959లో లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా బలగాల కాల్పుల్లో పది మంది పోలీసులు చనిపోయిన రోజది. ఏటా ఆ రోజు బెంగళూరు మైసూరు రోడ్డులోని సిఎఆర్ (సిటీ ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసుల) మైదానంలో, ఆ ఏడాది దేశం మొత్తం మీద విధుల్లో చనిపోయిన పోలీసుల్ని తలచుకుంటారు. ఫైర్ వాళ్ళకు ఏప్రిల్ 14. 1944లో బొంబాయి రేవులో మందుగుండు ఓడ పేలినప్పుడు 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. అదే రోజు అంబేడ్కర్ జయంతి కావడంతో ఫైర్ వాళ్ళ దినం పెద్దగా ఎవరికీ గుర్తుండదు. మన పౌరకార్మికుల, అంటే ఊరు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికుల కాలనీల్లో ఆ రోజు డప్పులు మోగేది బాబాసాహెబ్ కోసం. తమాషా ఏమిటంటే, విధుల్లో చనిపోయి ఏ దినానికీ నోచుకోనివాళ్ళు ఎక్కువగా ఉండేది ఆ కాలనీల్లోనే. అక్కడికి తర్వాత వస్తాను.

టీవీలో, ఫ్లెక్సీల్లో అందరూ అమరవీరులే. అయితే ‘అమరుడు’, ‘షహీద్’ అనే మాటలకు అధికారిక నిర్వచనం ఏదీ లేదని కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. ఫైల్లో పనికొచ్చే మాట ఒక్కటే, ‘విధి నిర్వహణలో’. ఆ మాట పడితే ఒక లెక్క, పడకపోతే ఇంకో లెక్క. అది పడాలా వద్దా అన్నది చాలావరకు మొదటి రోజు కాగితాల్లోనే తేలిపోతుంది. స్టేషన్ డైరీలో ఆయన ఎన్ని గంటలకు, ఏ పని మీద బయటికి వెళ్ళాడని రాశారు? అసహజ మరణం కింద పోలీసులు విచారణ రాసుకున్నారా? పోస్ట్‌మార్టం అయిందా? ఇంట్లో శవం పెట్టుకొని ఏడుస్తున్నవాళ్ళకు ఇవి గుర్తుకు రావు. "కోత వద్దు, మావాణ్ణి అట్లే ఇచ్చేయండి" అని బతిమాలేవాళ్ళే ఎక్కువ. ఆ ఒక్క మాట తర్వాత లక్షల మీదికి వస్తుంది.

గుండెపోటు సంగతి మరీ కష్టం. రాత్రంతా బందోబస్తు చేసి తెల్లారి ఇంటికొచ్చి కుప్పకూలిన కానిస్టేబుల్ విధుల్లో చనిపోయినట్టా, ఇంట్లో చనిపోయినట్టా? అమెరికాలో దీనికోసం 2003లో ప్రత్యేకంగా చట్టం తెచ్చారు. శ్రమతో కూడిన డ్యూటీ చేసిన 24 గంటల లోపు గుండెపోటుతోనో పక్షవాతంతోనో చనిపోతే, అది విధుల్లో వచ్చిన చావేనని ముందు ఒప్పుకుంటారు. కాదనేవాళ్ళే నిరూపించుకోవాలి. మన దగ్గర నిరూపించాల్సింది కుటుంబం. పని ఒత్తిడికీ చావుకీ సంబంధం చూపించగలిగినవాళ్ళకు కోర్టులు పరిహారం ఇప్పించిన సందర్భాలున్నాయి. డ్యూటీ రిజిస్టర్ నకలు దొరికితేనే అది కుదురుతుంది.

పర్మినెంటు ఉద్యోగి ఇంట్లో

శాశ్వత ఉద్యోగి చనిపోతే కర్ణాటకలో కుటుంబానికి డబ్బు ఒక్కచోట నుంచి రాదు. ఎక్స్‌గ్రేషియా ఒకటి. గ్రాట్యుటీ ఒకటి. రాష్ట్ర ఉద్యోగులకు తప్పనిసరిగా ఉండే కేజీఐడీ బీమా ఇంకొకటి, గ్రూప్ ఇన్సూరెన్స్ వేరే. పాతవాళ్ళకైతే జీపీఎఫ్ (ప్రభుత్వ ఉద్యోగుల భవిష్య నిధి), 2006 ఏప్రిల్ తర్వాత చేరినవాళ్ళకు ఎన్‌పీఎస్ (కొత్త పెన్షన్ పథకం). వాడుకోని సెలవుల డబ్బు. కుటుంబ పెన్షన్. ఇవన్నీ కాక, జీతం పడే బ్యాంకు ఖాతాతో పాటు ప్రమాద బీమా ఉండొచ్చు. శాలరీ ప్యాకేజీ అంటారు దాన్ని. ఒక్కోసారి అన్నింటికంటే పెద్ద మొత్తం అదే అవుతుంది. దాని సంగతి ఇంట్లోవాళ్ళకు అస్సలు తెలియదు, గడువు లోపల క్లెయిమ్ పెట్టకపోతే చేజారిపోతుంది. నేను ఎవరి ఫోల్డర్ తెరిచినా మొదట అడిగేది ఆ ఖాతా పాస్‌బుక్కే.

ఇప్పుడు నామినీ సంగతి. మనవాళ్ళలో నూటికి తొంభై మంది నామినీ అంటే డబ్బుకు యజమాని అనుకుంటారు. కాదు. బ్యాంకు డిపాజిట్‌లో నామినీ అంటే డబ్బు చేతికి తీసుకొని వారసులకు పంచాల్సిన మనిషి. వారసులెవరన్నది వారసత్వ చట్టం చెబుతుంది. హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా మగవాడు చనిపోతే భార్యకూ, పిల్లలకూ, తల్లికీ సమాన వాటా. తండ్రి ఆ మొదటి వరసలో లేడు. ఈ ముక్క చెప్పినప్పుడల్లా ఎదురుగా కూర్చున్న మామగారి ముఖం చూడలేను.

బీమా దగ్గరికొస్తే కథ మారిపోతుంది. 2015లో బీమా చట్టాన్ని సవరించారు. అప్పటినుంచి పాలసీలో తల్లిదండ్రుల్నో, భార్యనో, పిల్లల్నో నామినీగా రాస్తే ఆ డబ్బు వాళ్ళకే చెందుతుందని చట్టం అంటుంది. దీని మీద కోర్టుల్లో వాదనలు ఇంకా సాగుతూనే ఉన్నాయి. పీఎఫ్‌లో మళ్ళీ వేరే. పెళ్ళికి ముందు రాసిన నామినేషన్ పెళ్ళితో చెల్లకుండా పోతుంది, కొత్తది రాయాలి. 2025 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి కేసే ఒకటి వచ్చింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి ఒకాయన పెళ్ళికి ముందు జీపీఎఫ్‌కు తల్లిని నామినీగా రాశాడు, పెళ్ళయ్యాక మార్చలేదు. పెళ్ళితోనే ఆ నామినేషన్ చెల్లకుండా పోయిందని చెప్పి, భార్యకూ తల్లికీ చెరిసగం పంచమంది కోర్టు. ఇక కుటుంబ పెన్షన్‌కు నామినీతో పనే లేదు. భార్య ఉంటే ముందు ఆమెకే.

అంటే మనిషి ఒక్కడే, చావు ఒక్కటే, డబ్బు మాత్రం ఒక్కో సంచీలోది ఒక్కో దారిన పోతుంది. ఇది తెలియకే అత్తాకోడళ్ళు శత్రువులవుతారు. కొడుకు పోయిన తల్లిదీ దుఃఖమే, భర్త పోయిన భార్యదీ దుఃఖమే. మధ్యలో ఒక గుమాస్తా "ఇద్దరూ వచ్చి సంతకం పెట్టాలమ్మా" అనగానే ఆ దుఃఖం కాస్తా వాటాల తగాదా అవుతుంది. నా వరండాలో ఇలాంటివి చాలా చూశాను. సగం తగాదాలు చట్టం తెలియక వచ్చినవి, మిగతా సగం చట్టం చెప్పినా వినని బావమరుదుల వల్ల వచ్చినవి.

తెలుగువాళ్ళకు ఇక్కడ ఇంకో చిక్కుంది. వారసులెవరో చూపించడానికి కర్ణాటకలో నాడకచేరి (తహసీల్దారు కింద ఉండే రెవెన్యూ ఆఫీసు) నుంచి ‘వంశవృక్ష’ తెమ్మంటారు. సొంతూరు అనంతపురం జిల్లాలోనో చిత్తూరు జిల్లాలోనో ఉండి, అత్తగారు అక్కడే ఉంటే, అక్కడి తహసీల్దారు దగ్గర కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ కూడా కావాలి. అది తెలుగులో ఉంటుంది, ఇది కన్నడలో ఉంటుంది, ఆధార్‌లో ఇంగ్లీషు. ఒకే మనిషి ఒకచోట వెంకటలక్ష్మమ్మ, ఒకచోట లక్ష్మీదేవి, ఇంకోచోట వి. లక్ష్మమ్మ. ముగ్గురూ ఒకరేనని స్టాంప్ పేపర్ మీద అఫిడవిట్ రాయించి నోటరీ చేయించాలి. ప్రతి ఆఫీసుకూ మళ్ళీ కొత్తది కావాలి, ఎందుకంటే ఒరిజినల్ ఎవరూ తిరిగివ్వరు. జిరాక్సులు పద్నాలుగు ఎందుకయ్యాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఉద్యోగం ముచ్చట కూడా చెప్పాలి. ఇక్కడ అందరూ దాన్ని ‘అనుకంప’ అంటారు, తెలుగులో కారుణ్య నియామకం. అది హక్కు కాదని, హఠాత్తుగా వచ్చిపడిన కష్టం నుంచి కుటుంబాన్ని గట్టెక్కించడానికి మాత్రమేనని సుప్రీంకోర్టు 1994లోనే చెప్పింది. కర్ణాటకలో దీనికి 1996 నాటి నిబంధనలున్నాయి. దరఖాస్తుకు గడువు ఉంటుంది, దాన్ని దాటనివ్వకూడదు. పెళ్ళయిన కూతుర్ని పక్కన పెట్టే నిబంధనను రాష్ట్ర హైకోర్టు 2020లో కొట్టేసింది. కుటుంబాలు ఎక్కువగా చేసే తప్పు ఒకటుంది. "పిల్లోడు డిగ్రీ అయినాక వాడికే ఇప్పిస్తాం" అని ఆగడం. పిల్లాడికి అప్పుడు పదకొండేళ్ళు. ఆ లోపు గడువు పోతుంది, కష్టం నుంచి బయటపడ్డారు కదా అని ఫైలు మూసేస్తారు. తల్లికి పదో తరగతి ఉంటే ఆమే చేరడం మంచిదని నేను మొహమాటం లేకుండా చెప్తాను. "ఇంటి కోడలు ఆఫీసుకా?" అన్న పెద్దాయనకు కూడా అదే చెప్పాను.

కాంట్రాక్టువాడి చావు

ఇదంతా పర్మినెంటు ఉద్యోగి సంగతి. వాన పడిన రాత్రి డ్రైనేజీ పొంగితే ముందు పిలుపు వెళ్ళేది ఎవరికి? అంబులెన్స్ నడిపేవాడు ఏ కంపెనీ జీతగాడు? వీళ్ళు చనిపోతే వర్తించే చట్టాలు వేరు, లెక్కలు వేరు.

జీతం 21,000 లోపు ఉండి ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కట్టి ఉంటే, పనిలో చనిపోయినవాడి ఆశ్రితులకు జీతంలో 90 శాతం ప్రమాణంగా నెలనెలా వస్తుంది. అందులో భార్యకు ఐదింట మూడు వంతులు, ఒక్కో బిడ్డకు ఐదింట రెండు వంతులు. మొత్తం ప్రమాణాన్ని దాటితే ఆ మేరకు అందరికీ తగ్గిస్తారు. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆమె వాటా ఆగిపోతుంది. పీఎఫ్ ఉంటే దానితోపాటు ఈడీఎల్ఐ బీమా ఉంటుంది, గరిష్ఠంగా 7 లక్షలు. దీనికి కార్మికుడి జీతంలో పైసా కోయరు, అందుకే ఉన్నట్టే తెలియదు. పీఎఫ్ పెన్షన్ కూడా వస్తుంది, నెలకు కనీసం 1,000 రూపాయలు. వెయ్యి. బెంగళూరులో ఆ డబ్బుకు గ్యాస్ సిలిండర్ కొన్నాక ఏం మిగులుతుందో లెక్కేసుకోండి. ఈఎస్ఐ లేనివాళ్ళకు ఉద్యోగుల పరిహార చట్టం ఉండేది, 2025 నవంబర్ నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. కాంట్రాక్టరు తప్పించుకుంటే పని చేయించుకున్న అసలు సంస్థనే అడగొచ్చన్న సూత్రం పాతదే. ఆ సంగతి చెప్పేవాళ్ళు లేక చాలామంది కాంట్రాక్టరు చేతిలో పెట్టిన యాభై వేలతో ఊరికి వెళ్ళిపోతారు.

బెంగళూరు పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడేవాళ్ళు ఎంతమందో ఈ ఊళ్ళో తెల్లవారుజామున రోడ్డు మీద నిలబడినవాళ్ళకు తెలుసు. ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 మే డే నాడు దాదాపు 12,700 మందికి పర్మినెంటు నియామక పత్రాలిచ్చారు. ఆ కాగితం చేతికొచ్చినవాళ్ళకు చీపురు బరువు తగ్గలేదు కానీ చావు లెక్క మారింది. మ్యాన్‌హోల్‌లో దిగేవాడికి మాత్రం ఏ నియామక పత్రమూ ఉండదు. మలాన్ని మనుషులతో ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం, రక్షణ సామగ్రి లేకుండా ఆ పని ఎవరూ చేయించకూడదు. కాబట్టి చేయించామని ఎవరూ రాయరు. రాయని పనిలో చనిపోయినవాడికి డ్యూటీ ఎక్కడిది? 2017 మార్చిలో సి.వి. రామన్ నగర్ పక్కన కగ్గదాసపురలో మ్యాన్‌హోల్‌లో ముగ్గురు చనిపోయారు. ఆంధ్ర నుంచి బతకడానికి వచ్చినవాళ్ళు. ఇలాంటి చావులు తరచుగా జంటగానో మూడుగానో వస్తాయి. మొదట దిగినవాడు పడిపోతే, వాణ్ణి లాగడానికి పక్కనున్నవాడు దిగుతాడు. ఫస్ట్ రెస్పాండర్ అంటే అర్థం అదే అయితే వాడికంటే ముందు వరసలో నిలబడేవాడెవడు?

ఇక్కడే స్వచ్ఛంద సంస్థ అనే మాటకు అసలు బలం కనిపిస్తుంది. కోలార్ బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఆయన సహచరులు నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఎవరూ లెక్క రాయని చావుల్ని ఊరూరా తిరిగి రాసుకొచ్చింది. 2014 మార్చి 27న కోర్టు, 1993 నుంచి మురుగు కాలువల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వమంది. 2023 అక్టోబర్‌లో ఇంకో కేసులో దాన్ని 30 లక్షలు చేసింది. ఈ సంస్థ కుటుంబాలకు బియ్యం బస్తాలు పంచి ఇది సాధించలేదు. పేర్లు రాసుకుంది, తేదీలు రాసుకుంది, కాగితం పట్టుకొని నిలబడింది.

పర్మినెంటా కాంట్రాక్టా అన్న గీత ఒక్కసారి మాత్రం చెరిగింది. 2020 మార్చిలో కరోనా డ్యూటీ చేసే ఆరోగ్య సిబ్బందికి కేంద్రం 50 లక్షల బీమా పెట్టింది. ఆశా కార్యకర్తలు, కాంట్రాక్టు మనుషులు, రోజుకూలీలు కూడా అందులోకి వచ్చారు. డాక్టరుకూ ఊడ్చే మనిషికీ ఒకే అంకె. తలుచుకుంటే కుదురుతుందన్నమాట.

చెక్కు ఇచ్చేవాళ్ళు, వెంట నడిచేవాళ్ళు

అమెరికాలో ఈ రకం సంస్థలకు పెద్ద చరిత్రే ఉంది. 1952లో డెట్రాయిట్‌లో ఒక యువ పోలీసు చనిపోతే, ఒక కార్ల వ్యాపారి తన స్నేహితులు వంద మందికి ఉత్తరాలు రాశాడు. వచ్చిన డబ్బుతో ఆ భార్య ఇంటి అప్పు తీర్చి, బిడ్డ చదువుకు కొంత పక్కన పెట్టారు. అలా పుట్టినవే హండ్రెడ్ క్లబ్బులు, ఇప్పుడు ఎన్నో ఊళ్ళలో ఉన్నాయి. ఇది చెక్కు పద్ధతి. మంచిదే. 1984లో మొదలైన కన్సర్న్స్ ఆఫ్ పోలీస్ సర్వైవర్స్ అనే సంస్థది ఇంకో దారి. అక్కడ భర్తను పోగొట్టుకున్నవాళ్ళకు వేరే సమావేశం, కొడుకును పోగొట్టుకున్న తల్లిదండ్రులకు వేరే, తోబుట్టువులకు వేరే, పిల్లలకు శిబిరం, పక్కన నిలబడి చూసిన సహోద్యోగులకు ఇంకోటి. అందరి దుఃఖాన్నీ ఒకే గదిలో కూర్చోబెట్టరు. అత్తాకోడళ్ళ గొడవ చూసినవాడిగా నాకు ఇది చాలా తెలివైన పని అనిపించింది. 1992లో అక్కడి కాంగ్రెస్ ఏర్పాటు చేసిన ఫాలెన్ ఫైర్‌ఫైటర్స్ ఫౌండేషన్ ఇంకో అడుగు ముందుకేసి, ఎవరూ చనిపోకముందే ఫైర్ శాఖల అధికారులకు శిక్షణ ఇస్తుంది. కబురు ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి, తర్వాత ఆ ఇంటికి ఎవరు వెళ్ళాలి అని. మనకేమో ఒక్కోసారి వాట్సాప్ గ్రూపులో ఫొటో ముందొస్తుంది, ఇంటికి ఫోన్ తర్వాత వస్తుంది.

బెంగళూరులో సైనికుల కుటుంబాలకు ఇలాంటి తోడు కొంత ఉంది. 2007 జూలైలో ఉరీ దగ్గర చనిపోయి అశోకచక్ర పొందిన కల్నల్ వసంత్ పేరు మీద ఆయన భార్య సుభాషిణి అదే ఏడాది వసంతరత్న ఫౌండేషన్ పెట్టారు. పల్లెల్లోని సైనికుల భార్యల్ని కలవడం, పిల్లల చదువు చూడటం, ధైర్యం చెప్పడం దాని పని. ప్రభుత్వం వైపు నుంచి సైనిక్ బోర్డులు కూడా ఉన్నాయి. సిపాయి భార్యకు ఒక చిరునామా అంటూ ఉంది. ఫైర్‌మన్ భార్యకు అలాంటి చిరునామా చెప్పమంటే నేను తడుముకోవాల్సి వస్తుంది. పోలీసులకు శాఖలో సంక్షేమ నిధులున్నాయి. ఏప్రిల్ 2న ధ్వజ దినం నాడు అమ్మే జెండాల డబ్బు పోలీసు సంక్షేమానికి పోతుంది. 2017లో కేంద్ర హోంశాఖ మొదలుపెట్టిన ‘భారత్ కే వీర్’లో ఎవరైనా నేరుగా కుటుంబం ఖాతాకు డబ్బు పంపొచ్చు, ఒక్కో కుటుంబానికి 15 లక్షలు దాటకుండా. ఈ పరిమితి పెట్టడం నాకు నచ్చింది. టీవీలో ఎక్కువసేపు కనిపించినవాళ్ళకే డబ్బంతా పోకుండా ఆపుతుంది. అయితే అది కేంద్ర బలగాల కోసం పెట్టినది. 2010లో పాత విమానాశ్రయం రోడ్డులోని కార్ల్‌టన్ టవర్స్‌లో మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయాక ఆ కుటుంబాలవాళ్ళు బియాండ్ కార్ల్‌టన్ అనే సంస్థ పెట్టి అగ్ని భద్రత మీద పనిచేస్తున్నారు. మంట లేవకుండా చూస్తే, దాన్ని ఆర్పడానికి వెళ్ళి చనిపోయేవాళ్ళూ తగ్గుతారు.

ఆన్‌లైన్ విరాళాల గురించి ఒక జాగ్రత్త. వార్త రాగానే ఎవరో కుర్రాళ్ళు పేజీ తెరుస్తారు, రెండు రోజుల్లో పది లక్షలు వస్తాయి. ఆ డబ్బు నేరుగా ఆమె ఖాతాలో పడితే చిక్కే. బంధువులు కానివాళ్ళ నుంచి ఏడాదిలో 50,000 మించి వచ్చినదాన్ని ఆదాయపు పన్ను చట్టం ఆదాయంగా లెక్కేస్తుంది. అదే రిజిస్టరైన ధార్మిక ట్రస్టు ద్వారా వస్తే ఆ బాధ లేదు. ఇచ్చేవాళ్ళకు విరాళం మీద పన్ను మినహాయింపు (80జి అని అలవాటైన పేరు) కావాలన్నా ట్రస్టే దారి, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే. కొత్త విధానంలో ఉండి 80జి రసీదు కోసం పోట్లాడేవాళ్ళను చూశాను.

ట్రస్టు అసలుదా కాదా అని స్వచ్ఛంద సంస్థల వివరాలుండే ప్రభుత్వ దర్పణ్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. నేనైతే ఇంకో ప్రశ్న అడుగుతాను. మూడేళ్ళ కిందట మీరు సాయం చేసిన కుటుంబాల్లో ఎన్నింటితో ఇంకా మాట్లాడుతున్నారు? సమాధానంగా స్టేజి మీద చెక్కు ఇస్తున్న ఫొటో చూపిస్తే లేచి వచ్చేస్తాను. రెండో సమస్య దాతలది. "మా డబ్బు నూటికి నూరు శాతం కుటుంబానికే పోవాలి, ఆఫీసు ఖర్చులకు పోకూడదు" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. మరి ఆమెను వెంటబెట్టుకొని నాడకచేరికి, ట్రెజరీకి, బ్యాంకుకు తిరిగే అమ్మాయి జీతం, ఆటో ఛార్జీలు ఏ లెక్కలో వస్తాయి? ఆఫీసు ఖర్చులోనే. చెక్కు దొరికి మనిషి దొరకనిది ఇందువల్లే. అమెరికా సంస్థల దగ్గర నేర్చుకోవలసింది పెద్ద పెద్ద చెక్కులు కాదు, ఈ జీతాలకు సిగ్గుపడకపోవడం.

ఒక పిల్లకు ఫీజు కట్టడం కూడా మొదటి ఏడాది అందరూ చేస్తారు. నాలుగో ఏడాది పీయూసీలో (మన ఇంటర్) చేరేటప్పుడు ఎవరూ ఉండరు. కుటుంబ పెన్షన్ చాలాచోట్ల మొదటి కొన్నేళ్ళు ఎక్కువగా ఉండి తర్వాత తగ్గుతుంది. సరిగ్గా కాలేజీ ఫీజులు వచ్చే వేళకు. ఎవరైనా కొత్తగా ట్రస్టు పెట్టాలనుకుంటే, ఆ తగ్గే ఏడాది కోసం డబ్బు దాచి ఉంచమనే చెప్తాను. వార్త వచ్చిన వారం ఇచ్చేవాళ్ళు ఎలాగూ ఉంటారు.

నీలం ఫోల్డర్ ఆమె సంగతి. పాస్‌బుక్ తీసుకొని బ్యాంకుకు వెళ్తే ప్రమాద బీమా ఉందని తేలింది, గడువు ఇంకా ఉంది. అత్తగారిని ఊరి నుంచి పిలిపించాం. పెద్దావిడ మా వరండాలో కూర్చొని మొదటి గంట కోడలి వైపు చూడలేదు. ఏ డబ్బు ఎవరిదో కాగితం మీద రెండు కాలమ్‌లు గీసి చూపించాను. "పెన్షన్ దానికి పోనీ నాయనా, పిల్లోళ్ళని సాకల్ల గదా. నా వాటా నాకు రాస్తే చాలు" అంది. వేలిముద్రలు వేయించడానికి ఇంకు ప్యాడు ఎండిపోయి ఉంటే పక్క కిరాణా కొట్టు నుంచి తెచ్చుకున్నాం. అన్నీ తేలడానికి పధ్నాలుగు నెలలు పట్టింది, అనుకంప ఫైలు ఇంకా నడుస్తోంది.

పోయిన నెల ఆమె మళ్ళీ వచ్చింది, ఇంకొకామెను వెంటబెట్టుకొని. పాతికేళ్ళు కూడా ఉండవు, చేతిలో క్యారీబ్యాగ్ నిండా కాగితాలు. భర్త అంబులెన్స్ డ్రైవరట. నేను కళ్ళజోడు వెతుక్కుంటుండగా ఈమే ఆ కాగితాలు అరుగు మీద పరిచి, మరణ పత్రం ఒక పక్క, ఆధార్‌లు ఒక పక్క సర్దడం మొదలుపెట్టింది. పాస్‌బుక్ ఏదని అడిగింది. పీఎఫ్ నంబర్ ఉందా అని అడిగింది. తర్వాత గొంతు తగ్గించి, "మీయత్త ఉండాదా?" అంది. ఉందన్నట్టు ఆ పిల్ల తలూపింది.

"అట్లయితే ముందు ఆమెతో మాట పట్టింపు పెట్టుకోవద్దు. సంతకం కావల్ల."